పొద్దుటి వాంతులు, ఒరిగిన తల: ఏటీఆర్టీ గురించి మీ ప్రశ్నలు

ఈ నెల శీర్షికలో చోటంతా దాదాపు ఒకే జబ్బుకు, పసిపిల్లల మెదడులో వచ్చే ఏటీఆర్టీ అనే క్యాన్సర్ గడ్డకు ఇస్తున్నాను. చిత్తూరు నుంచి ఒక తండ్రి రాసిన ఉత్తరం నాలుగు పేజీలు ఉంది. దానికి రెండు ముక్కల్లో జవాబు చెప్పి ఊరుకోవడానికి మనసొప్పలేదు. తిరుపతి చుట్టుపక్కల నుంచి వచ్చిన మరికొన్ని ఉత్తరాలు కూడా అదే వరుసలో ఉండటంతో వాటినీ జతచేశాను. ఊర్లు తప్ప పేర్లు వేయడం లేదు.

ప్రశ్న: మా బాబుకు ఇరవై నెలలు. ఉగాదికి ముందు నుంచి పొద్దున లేవగానే వాంతి చేసుకునేవాడు, కాసేపటికి మళ్లీ హుషారుగా ఆడుకునేవాడు. ఒకచోట గ్యాస్ అన్నారు, మరోచోట నులిపురుగులు అన్నారు, ఇంకోచోట పాలు మార్చమన్నారు. వాడి జేజి దిష్టి తీసి తాయెత్తు కట్టించింది. ఐదో వారంలో తల ఒక పక్కకు వంచి నడవడం, తూలి పడటం మొదలైంది. స్కాన్ తీయిస్తే చిన్న మెదడులో గడ్డ ఉందనీ, తలలో నీరు చేరిందనీ చెప్పి ఆపరేషన్ చేశారు. మొదట మెడుల్లోబ్లాస్టోమా కావచ్చన్నారు. పన్నెండు రోజుల తర్వాత ఏటీఆర్టీ అని రిపోర్టు ఇచ్చారు. మొదట చెప్పింది తప్పా? ఐదు వారాలు పోగొట్టడం మా తప్పా? ఇప్పుడు ఏం చేస్తారు? వాడు బతుకుతాడా? — ఒక తండ్రి, చిత్తూరు

జవాబు: మీరు చివర అడిగినదానికి చివరనే వస్తాను, ఎందుకంటే మిగతావి చెప్పకుండా దానికి జవాబు చెబితే అది జోస్యం అవుతుంది.

ముందు పేరు సంగతి. అటిపికల్ టెరటాయిడ్ రాబ్డాయిడ్ ట్యూమర్ అనే ఈ పెద్ద పేరును ఏటీఆర్టీ అని కుదించి పిలుస్తారు. పిల్లల మెదడులో వచ్చే గడ్డలన్నిటిలో ఇది నూటికి ఒకటో రెండో మాత్రమే. అయితే మూడేళ్లలోపు పిల్లలను విడిగా లెక్కిస్తే దీని వాటా చాలా ఎక్కువ. ఎమ్మారైలో ఇది, పిల్లల చిన్న మెదడులో వచ్చే మరో క్యాన్సర్ గడ్డ అయిన మెడుల్లోబ్లాస్టోమాలాగే కనిపిస్తుంది. మైక్రోస్కోపు కింద కూడా చాలా భాగం అలాగే ఉంటుంది. 1987లో అమెరికాలో లూసీ రోర్క్ అనే పాథాలజిస్టు (ముక్క పరీక్ష చేసే డాక్టరు) బృందం ఇది వేరే జబ్బని గుర్తించేదాకా ప్రపంచమంతటా దీన్ని ఆ మరో గడ్డగానే లెక్కించి, ఆ మందులే ఇచ్చారు. అవి సరిగా పని చేయలేదు. 1998లో ఫ్రాన్సు పరిశోధకులు దీని మూలాన్ని పట్టుకున్నారు. 22వ క్రోమోజోము మీద ఉండే ఎస్ఎంఏఆర్‌సీబీ1 అనే జన్యువు ఈ కణాల్లో దెబ్బతిని ఉంటుంది, దానివల్ల కణంలో ఐఎన్ఐ1 అనే ప్రోటీను తయారు కాదు. ఆరోగ్యంగా ఉన్న ప్రతి కణం కేంద్రకంలోనూ ఆ ప్రోటీను ఉంటుంది కాబట్టి, ముక్క పరీక్షలో ప్రత్యేకమైన రంగు వేస్తే మామూలు కణాలు గోధుమ రంగులోకి మారతాయి, గడ్డ కణాలు మాత్రం ఆ రంగు పట్టవు. రక్తనాళాల గోడలు గోధుమ రంగులో, చుట్టూ గడ్డ వెలవెలబోతూ కనిపించే ఆ ఒక్క స్లైడు మీదే నిర్ణయం చాలావరకు ఆధారపడుతుంది. చాలా అరుదుగా ఐఎన్ఐ1 నిలిచి ఉండి, దాని జోడు ప్రోటీను బీఆర్‌జీ1 లోపిస్తుంది.

కాబట్టి మొదట చెప్పినది తప్పు కాదు, అది అంచనా. పన్నెండు రోజులు ఆగి ఆ రంగు వేయించి పేరు మార్చిన పాథాలజిస్టు మీ బాబుకు మేలే చేశారు. నన్ను అడిగితే, మూడేళ్లలోపు బిడ్డకు మెదడు గడ్డ ఆపరేషన్ జరిగిందంటే రిపోర్టులో ఐఎన్ఐ1 అనే మాట ఉందో లేదో తల్లిదండ్రులే వెతికి చూసుకోవాలి, లేకపోతే మొహమాటం లేకుండా అడగాలి. గడ్డ ముక్కను పొదిగి ఉంచిన మైనపు దిమ్మె, అంటే పాథాలజీ వాళ్లు బ్లాక్ అనేది, ఏళ్ల తరబడి భద్రంగా ఉంటుంది. దాన్ని అడిగి తీసుకుని మరో పెద్ద ఆసుపత్రిలో పరీక్ష చేయించుకోవచ్చు.

ఇక ఐదు వారాల మాట. నాలుగో జఠరిక అనే సన్నటి దారి గుండా మెదడు నీరు కిందికి దిగుతుంది. చిన్న మెదడులోని గడ్డ ఆ దారిని నొక్కితే నీరు పైనే నిలిచిపోతుంది. రాత్రంతా పడుకుని ఉంటే తలలో ఒత్తిడి ఇంకా పెరుగుతుంది కాబట్టి లేవగానే వాంతి అవుతుంది. కాసేపు నిటారుగా ఉంటే కొంత ఉపశమనం కలుగుతుంది, బిడ్డ ఆడుకుంటాడు, ఇంట్లోవాళ్లు ఊపిరి పీల్చుకుంటారు. జ్వరం, విరేచనాలు లేని వాంతి మోసం చేసేది అందుకే. మాట రాని వయసు, తల నొప్పి అని చెప్పలేడు. పసిపిల్లల్లో పుర్రె అతుకులు ఇంకా గట్టిపడి ఉండవు కాబట్టి ఒత్తిడికి తలే కొంత సాగి చోటిస్తుంది, లక్షణాలు ఆలస్యంగా బయటపడతాయి. నేను కొత్తగా ప్రాక్టీసు పెట్టిన రోజుల్లో ఇలాంటి బిడ్డకే నులిపురుగుల మందు రాసి పంపాను. మూడు వారాల తర్వాత ఆ పాప మెల్లకన్నుతో తిరిగి వచ్చింది. అందుకని మీ ఊరి డాక్టర్లను తిట్టడానికి నాకు నోరు రాదు, మిమ్మల్ని తప్పుపట్టడానికి అసలే రాదు. బ్రిటన్‌లో ఈ ఆలస్యాన్ని తగ్గించడానికే 2011లో హెడ్‌స్మార్ట్ అనే ప్రచారం మొదలుపెట్టారు. అంతకుముందు అక్కడ లక్షణం మొదలైన నాటి నుంచి జబ్బు తేలేదాకా సగటున పద్నాలుగు వారాలు పట్టేది, తర్వాత అది ఏడు వారాలలోపుకు తగ్గింది. దిష్టి తీయడం వల్ల మీ బాబుకు నష్టం ఏమీ జరగలేదు, వాడి జేజిని ఏమీ అనకండి.

ఇప్పుడు జరగవలసినవి. ఆపరేషన్ తర్వాత మూడు రోజులలోపు మళ్లీ ఎమ్మారై తీసి గడ్డ ఎంత మిగిలిందో చూసి ఉంటారు. అది జరగకపోతే, ఆ తర్వాత తీసే స్కాన్లలో కనిపించే మచ్చ గడ్డదో, మానుతున్న పుండుదో తేల్చడం కష్టమవుతుంది. తలతో పాటు వెన్ను మొత్తానికీ ఎమ్మారై తప్పదు, ఎందుకంటే ఈ గడ్డ కణాలు మెదడు నీటిలో కలిసి వెన్నుపాము పొడవునా దిగి అక్కడ మొలకెత్తుతాయి. సుమారు నలుగురు పిల్లల్లో ఒకరికి జబ్బు బయటపడేనాటికే అలా దిగి ఉంటుంది. ఆపరేషన్ అయిన పది నుంచి పద్నాలుగు రోజుల మధ్య వెన్నులో నీరు తీసి కణాల కోసం వెతుకుతారు. ముందే తీస్తే ఆపరేషన్ వల్ల రాలిన కణాలు కలిసి లెక్క తప్పుతుంది. వెన్నులో నీరు తీస్తే కాళ్లు పడిపోతాయన్న భయం మన జిల్లాలో బాగా ఉంది. సూది పోయే చోట వెన్నుపాము ఉండదు, అది అంతకు పైనే ఆగిపోతుంది. ఇదే రకం గడ్డ మూత్రపిండాల్లో కూడా రావచ్చు కాబట్టి కడుపు స్కాన్ కూడా చేస్తారు.

చికిత్సలో మూడు అంచెలున్నాయి. గడ్డను వీలైనంత వరకు తీయడం మొదటిది, అది మీకు అయిపోయింది. రెండోది కీమోథెరపీ. విన్‌క్రిస్టీన్, సిస్‌ప్లాటిన్, సైక్లోఫాస్ఫమైడ్, ఎటొపొసైడ్, మెథోట్రెక్సేట్ వంటి మందులను కలిపి, ఆసుపత్రిలో ఉంచి ఇస్తారు. తర్వాత చాలా కేంద్రాల్లో ఎక్కువ మోతాదు కీమో ఇస్తారు. దాని తీరు కొంచెం విచిత్రంగా అనిపిస్తుంది. బిడ్డ రక్తం నుంచి రక్తకణాలను పుట్టించే వాడి సొంత మూలకణాలను ముందే తీసి గడ్డకట్టించి దాచిపెడతారు. ఎముక మూలుగ తట్టుకోలేనంత మందు ఇచ్చి, ఆ దెబ్బ తర్వాత దాచిన కణాలను తిరిగి ఎక్కిస్తారు. అవి వాడివే కనుక దాత కోసం వెతుకులాట అవసరం లేదు. మూడోది రేడియేషన్, మన వాళ్లు కరెంటు పెట్టడం అనేది. మూడేళ్లలోపు మెదడు ఇంకా కట్టుకుంటున్న ఇల్లులాంటిది. తలకూ వెన్నుకూ మొత్తంగా రేడియేషన్ ఇస్తే చదువు, ఎత్తు, హార్మోన్లు దెబ్బతింటాయి. అందుకని చిన్నపిల్లలకు గడ్డ ఉన్న చోటికి మాత్రమే, కాస్త ఆలస్యంగా ఇవ్వడానికి చూస్తారు, కొన్ని పద్ధతుల్లో పూర్తిగా వాయిదా వేస్తారు. ఇందులో నిపుణుల మధ్య నిజంగానే భేదాభిప్రాయం ఉంది. మీకు ఇద్దరు డాక్టర్లు రెండు రకాలుగా చెబితే ఒకరికి తెలియదని అనుకోకండి.

సిస్‌ప్లాటిన్ వల్ల వినికిడి తగ్గవచ్చు కాబట్టి మొదలుపెట్టే ముందే ఒకసారి, తర్వాత మధ్యమధ్యలో చెవి పరీక్ష చేయించమని అడగండి. మాటలు నేర్చుకునే వయసులో ఇది చిన్న విషయం కాదు. విన్‌క్రిస్టీన్ వల్ల మలబద్ధకం వస్తుంది, అడుగు ఈడ్చినట్టు పడవచ్చు. ఇవన్నీ ముందే తెలిస్తే భయం సగం తగ్గుతుంది. అన్నిటికంటే గట్టిగా చెప్పవలసినది జ్వరం గురించి. కీమో జరుగుతున్న బిడ్డకు 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్ జ్వరం వచ్చిందంటే అది అర్ధరాత్రయినా పండుగరోజైనా ఆసుపత్రికి వెళ్లవలసిన జ్వరమే. తెల్లకణాలు లేనప్పుడు సూక్ష్మజీవి రక్తంలోకి చేరితే గంటల్లో ప్రాణం మీదికి వస్తుంది, చేరిన గంటలోపే సిరలోకి యాంటీబయాటిక్ పడాలి. పారాసెటమాల్ వేసి తెల్లారేదాకా చూద్దాం అనుకోవద్దు, ఊళ్లో సూది వేయించవద్దు. చికిత్స నడిచే ఆరేడు నెలలు ఆసుపత్రికి అరగంట దూరంలో గది అద్దెకు తీసుకోమని నేను చెప్పడానికి కారణం ఇదే.

ఇక మీ చివరి ప్రశ్న. 1990ల నాటికి ఈ జబ్బు ఉన్న పిల్లల్లో ఎక్కువమంది ఏడాది దాటేవారు కాదు. అమెరికాలోని చిల్డ్రన్స్ ఆంకాలజీ గ్రూపు, పైన చెప్పినట్టు ఎక్కువ మోతాదు కీమో, గడ్డ చోటికి రేడియేషన్ కలిపి 65 మంది పిల్లలకు ఇచ్చి, 2020లో ఫలితాలు ప్రచురించింది. నాలుగేళ్లకు 43 శాతం మంది జీవించి ఉన్నారు. 37 శాతం మందిలో జబ్బు తిరగబెట్టలేదు. ఈ అంకెలో రెండు నిజాలున్నాయి, రెండిటినీ మీరు వినాలి. సగం కంటే ఎక్కువమంది పిల్లలు దక్కలేదు, చికిత్స కూడా ప్రమాదం లేనిది కాదు. అయినా, ఒకప్పుడు ఆశే లేదన్న చోట నూటికి నలభై మందికి పైగా నిలబడ్డారు. మీ బాబు ఏ వైపు ఉంటాడో వెన్ను ఎమ్మారై, వెన్ను నీటి రిపోర్టు, గడ్డ ఎంత మిగిలింది అనేవి కొంత చెబుతాయి. వాటిని ముందు పెట్టుకుని మీ డాక్టరు చెప్పే మాటకు నా మాట కంటే విలువ ఎక్కువ. ఒకవేళ జబ్బు తిరగబెట్టి, మందులు ఇక బాధే తప్ప మేలు చేయవన్న స్థితి వస్తే, నొప్పి, వాంతి లేకుండా బిడ్డను తల్లి ఒళ్లో ఉంచే వైద్యం కూడా వైద్యమే. దాని గురించి ముందే మాట్లాడిన డాక్టరు చేతులెత్తేశాడని అనుకోవద్దు.

ప్రశ్న: నా మనవరాలికి నాలుగేళ్లు. నెల నుంచి నడుము నొప్పి అంటోంది, రాత్రిళ్లు లేచి ఏడుస్తోంది. వారం నుంచి ఎడమ కాలు ఈడ్చి నడుస్తోంది, ఈ మధ్య పక్క తడుపుతోంది. ఎక్కడో బెణికి ఉంటుంది, పుత్తూరుకు తీసుకెళ్లి కట్టు కట్టించమని అందరూ అంటున్నారు. — ఒక అమ్మమ్మ, నగరి

జవాబు: ఈ ఉత్తరం అందిన రోజే పత్రిక వారితో మీకు ఫోన్ చేయించాను. మిగతా పాఠకుల కోసం ఇక్కడ రాస్తున్నాను. పుత్తూరు కట్టు పేరు మోసినది ఎముకలకు. ఈ పాపది ఎముక సంగతిలా లేదు. పెద్దవాళ్లకు నడుము నొప్పి మామూలే గాని, అయిదేళ్లలోపు పిల్లలు నడుము నొప్పి అని పదేపదే అంటే, అందులోనూ రాత్రి నిద్ర లేచి ఏడిస్తే, దాన్ని మామూలుగా తీసుకోకూడదు. దానికి కాలి బలహీనత, మూత్రం మీద పట్టు తప్పడం తోడైతే వెన్నుపామును ఏదో నొక్కుతోందనే అనుకోవాలి. అది గడ్డ కావచ్చు, చీము కావచ్చు, మరొకటి కావచ్చు, తేల్చేది వెన్ను ఎమ్మారై. కాళ్లు పూర్తిగా పడిపోయాక ఆపరేషన్ చేసినా తిరిగి నడక రావడం కష్టం కనుక ఇది రోజుల లెక్క కాదు, గంటల లెక్క. తైలమర్దనం, కట్టు, నడుము పట్టడం ఏదీ వద్దు.

ప్రశ్న: మా మొదటి బిడ్డ ఏటీఆర్టీతో పోయి ఏడాది అయింది. ఇప్పుడు నాకు మూడో నెల. దగ్గరి సంబంధం చేసుకున్నందుకే ఇలా జరిగిందని మా అత్తగారి వైపు అంటున్నారు. మళ్లీ వస్తుందా? — ఒక తల్లి, పలమనేరు

జవాబు: మేనరికానికీ ఈ జబ్బుకూ సంబంధం లేదు తల్లీ. మేనరికం వల్ల వచ్చే జబ్బుల్లో తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి లోపమున్న జన్యువులు కలుస్తాయి. ఇది ఆ కోవలోది కాదు. మూడింట రెండు వంతుల పిల్లల్లో ఈ జన్యు లోపం గడ్డ కణంలో మాత్రమే పుడుతుంది, ఒంట్లో మరెక్కడా ఉండదు. మిగతా మూడో వంతులో అది పుట్టుకతోనే ఒళ్లంతా ఉంటుంది. వాళ్లలో కూడా చాలామందికి ఆ లోపం తల్లిదండ్రుల నుంచి రాదు, కొత్తగా ఏర్పడినదే అయి ఉంటుంది. మీ మొదటి బిడ్డ రక్త పరీక్షగానీ, ఆసుపత్రిలో దాచిన మైనపు దిమ్మెగానీ ఉంటే దాన్నుంచి ఇది తేల్చవచ్చు. లోపం ఫలానా అని తెలిస్తే మీ ఇద్దరి రక్తం పరీక్షిస్తారు, కావాలంటే కడుపులోని బిడ్డకు కూడా పరీక్ష చేయవచ్చు. మీ ఇద్దరి రక్తంలో లేకపోయినా, అండంలోనో వీర్యకణాల్లోనో దాగి ఉండే అవకాశం కొద్దిగా ఉంటుంది. మూడో నెల అంటున్నారు కనుక ఈ వారమే జన్యు నిపుణులను కలవండి. వెల్లూరు సీఎంసీలో ఆ విభాగం ఉంది, మీకు దూరం కూడా కాదు. మీ అత్తగారికి ఈ పేజీ చూపించండి.

ప్రశ్న: కడుపుతో ఉన్నప్పుడు ఎక్కువ స్కానింగులు తీయించుకోవడం వల్లా, సెల్‌ఫోన్ వల్లా పిల్లల మెదడులో గడ్డలు వస్తాయా? — శ్రీకాళహస్తి

జవాబు: స్కానింగుల వల్ల రావు. గర్భిణికి చేసేది శబ్ద తరంగాల స్కాన్, అందులో రేడియేషనే ఉండదు. ఫోన్ వల్ల వస్తాయని కూడా ఇప్పటిదాకా తేలలేదు. ఫోన్ పిల్లల చేతికి ఇవ్వకపోవడానికి మంచి కారణాలు వేరే చాలా ఉన్నాయి.

ప్రశ్న: ఇలాంటి జబ్బుకు తిరుపతిలోనే వైద్యం దొరుకుతుందా, చెన్నైకి పోవాలా? ప్రోటాన్ చికిత్స బాగుంటుందని అంటున్నారు. ఖర్చు ఎలా? — తిరుపతి

జవాబు: తలలో నీరు చేరి బిడ్డ మగతగా ఉన్నప్పుడు దగ్గరలో న్యూరోసర్జన్ ఉన్న ఆసుపత్రే సరైన ఆసుపత్రి. ఆ పని తిరుపతి స్విమ్స్ ఆసుపత్రిలో జరుగుతుంది. నీరు దించాక తొందర కొంచెం తగ్గుతుంది, అప్పుడు ఆలోచించవచ్చు. గడ్డ తీసే సర్జన్, పిల్లల క్యాన్సర్ వైద్యుడు, పిల్లలకు మత్తు ఇచ్చి రేడియేషన్ ఇవ్వగల విభాగం, మూలకణాలు తీసి ఎక్కించే వసతి, ఈ నాలుగూ ఒకేచోట, లేదా ఒకరితో ఒకరు మాట్లాడుకునే చోట ఉన్నాయా అన్నదే మీరు అడగవలసిన ప్రశ్న. భవనం ఎంత కొత్తది అన్నది కాదు. తిరుపతిలో 2022 నుంచి టాటా ట్రస్టుల స్వికార్ క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. వెల్లూరు చిత్తూరుకు గంట దూరమే. మన దేశంలో తొలి న్యూరోసర్జరీ విభాగం 1949లో జాకబ్ చాందీ గారు నెలకొల్పినది అక్కడే. కీమోలో కొన్ని విడతలు ఒకచోట, జ్వరం వస్తే చేరడానికి మరొకచోట అని ఇద్దరు డాక్టర్లు ఫోన్లో మాట్లాడుకుని పంచుకునే ఏర్పాటు చాలా కుటుంబాలను నిలబెట్టింది.

ప్రోటాన్ కిరణం గడ్డ దగ్గరే ఆగిపోతుంది, దాటి అవతలి మెదడును దాదాపు తాకదు. చిన్నపిల్లలకు అది మంచిదే. చెన్నైలో 2019 నుంచి ఆ కేంద్రం ఉంది. కానీ దాని కోసం డబ్బు పోగుచేస్తూ రెండు నెలలు ఆగడం కంటే ఉన్న యంత్రంతో సమయానికి జాగ్రత్తగా ఇచ్చిన రేడియేషన్ మేలు.

ఖర్చు సంగతికి ముందుగా ఆసుపత్రిలో ప్రభుత్వ వైద్య సేవ పథకం తరఫున ఉండే ఆరోగ్యమిత్రను కలవండి, లేదా 104కు ఫోన్ చేయండి. రాష్ట్ర సరిహద్దు దాటితే వైద్య సేవ పథకం ఏ ఆసుపత్రిలో ఏ చికిత్సకు వర్తిస్తుందో బిడ్డను చేర్చక ముందే రాతపూర్వకంగా తెలుసుకోండి. చేర్చి డబ్బు కట్టేశాక పరుగులు పెట్టేవాళ్లనే నేను ఎక్కువగా చూశాను. ఎక్కడికి వెళ్లినా స్కాన్ల సీడీలు, ఆపరేషన్ నోట్సు, స్లైడ్లు, మైనపు దిమ్మె చేతిలో ఉండాలి. కాగితం మీది రిపోర్టు ఒక్కటే తీసుకెళ్తే వాళ్లు మళ్లీ వెనక్కి పంపుతారు.

ప్రశ్న: మా పాపకు వచ్చే వారం కీమో మొదలవుతుంది. మూడో ఏట తిరుమలలో పుట్టువెంట్రుకలు తీయిస్తామని మొక్కుకున్నాం. మందుతో జుట్టంతా ఊడిపోతుందంటున్నారు. మొక్కు ఏం చేయాలి? — ఒక తల్లి, రేణిగుంట

జవాబు: నాకు వైద్యం సంగతే తెలుసు, మొక్కు సంగతి మీ ఇంటి పెద్దలు చెప్పాలి. అయితే ఈ ప్రశ్న ప్రతి ఏడాదీ ఎవరో ఒకరు అడుగుతూనే ఉన్నారు కాబట్టి చూసినది చెబుతాను. జుట్టు మొదటి విడత తర్వాత రెండు మూడు వారాలకు రాలుతుంది, మందులు ఆగాక మళ్లీ వస్తుంది. ఆపరేషన్ కుట్లు మానకుండా కత్తి పెట్టించకూడదు. కీమో మొదలయ్యాక ప్లేట్‌లెట్లు తగ్గిన రోజుల్లో చిన్న గాటు కూడా ఆగకుండా కారుతుంది, తెల్లకణాలు తగ్గిన రోజుల్లో క్యూలో నిలబడటం ఆ గాటు కంటే ప్రమాదం. కాబట్టి ఈ వారం కుట్లు మాని, సర్జన్ సరేనంటేనే వెళ్లి రండి, లేదా చికిత్స ముగిసి రక్త కణాలు నిలకడగా వచ్చేదాకా ఆగండి. మధ్యలో మాత్రం వద్దు. ఒక తల్లి ఆపరేషన్ ముందు తీసిన జుట్టును తెల్లగుడ్డలో మూటకట్టి దాచి, ఏడాదిన్నర తర్వాత పాపతో కొండెక్కి, కొత్తగా వచ్చిన జుట్టుతో పాటు కల్యాణకట్టలో ఇచ్చింది. ఆపరేషన్ గది నర్సును ముందు రోజే అడిగితే ఆ జుట్టు తీసి ఉంచుతుంది. వెళ్లే రోజు మెట్ల దారి మానుకుని బస్సులో వెళ్లండి, డిశ్చార్జి కాగితం వెంట ఉంచుకోండి, కొండ మీద జ్వరం వస్తే దిగేదాకా ఆగకుండా అశ్విని ఆసుపత్రిలో చూపించండి.